సైకిల్‌కు విడి దారి ఎవరి కోసం?

నగరంలో రోజూ సైకిల్ తొక్కేవాళ్లలో ఒక వాదన బలంగా ఉంది. సైకిల్ కూడా వాహనమే, రోడ్డు మీద దానికీ హక్కుంది, విడి దారి పేరుతో మమ్మల్ని పక్కకు నెట్టొద్దు అని. 1970ల్లో అమెరికాలో ఈ వాదనను ముందుకు తెచ్చింది జాన్ ఫారెస్టర్. అంచున నక్కకుండా, ట్రాఫిక్‌లో ఒక వాహనంగా తొక్కడమే క్షేమమని ఆయన నేర్పారు. చేతనైనవాళ్లకు అది పనికొచ్చే విద్యే. కానీ ఆ మాట చెబుతున్నది ఇప్పటికే ధైర్యం చేసి రోడ్డెక్కినవాళ్లు. భయంతో సైకిల్‌ను మూలన పెట్టినవాళ్ల మాట, బడికి సైకిల్ మీద పంపడానికి తల్లిదండ్రులు ఒప్పుకోని ఆడపిల్ల మాట ఆ చర్చలోకి రానే రాదు. రోడ్డు ఎవరిని తరిమేసిందో వాళ్లను అడిగితేనే అది ఎలా ఉందో తెలుస్తుంది.

స్పెయిన్‌లోని సెవిల్ నగరం 2006 తర్వాత కొద్ది ఏళ్లలోనే వంద కిలోమీటర్లకు పైగా విడి దారులు వేసింది. అందుకోసం కార్లు నిలుపుకునే వేలాది చోట్లను తీసేసింది. అంతకుముందు అక్కడ నామమాత్రంగా ఉన్న సైకిల్ ప్రయాణాలు ఎన్నో రెట్లు పెరిగాయి. జనం మారలేదు, దారి మారింది. మరి హైదరాబాద్‌లో 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో వేసిన 23 కిలోమీటర్ల ట్రాక్ సంగతేమిటని అడగొచ్చు. వ్యాయామానికి అది చక్కని చోటు. కానీ ఇంటినీ పనినీ కలపడానికి అది నగరం లోపల లేదు. లోపం విడి దారిది కాదు, వేసిన చోటుది.

అసలు ప్రమాదం కూడళ్లలోనే, ట్రాక్ అక్కడ ఆగిపోతుంది కదా అన్న అభ్యంతరం మాత్రం గట్టిది. ఎడమకు తిరిగే బస్సు ముందుభాగం సైకిల్‌ను దాటిపోయినా, వెనక చక్రాలు లోపలికి కోసుకొస్తాయి. నేరుగా వెళ్లే మనిషి అక్కడే ఇరుక్కుంటాడు. అందుకే ట్రాక్ కూడలి మీదుగా సాగాలి, సైకిళ్లకు సిగ్నల్ ముందు పడాలి, అలాంటిచోట ఫ్రీ లెఫ్ట్ ఎత్తేయాలి. ఢిల్లీలో 2008లో వచ్చిన బీఆర్టీ (బస్సుల ప్రత్యేక వరుస) మార్గంలోని సైకిల్ ట్రాక్‌లోకి దూరినట్టే, మోటార్‌సైకిళ్లు ఇక్కడా దూరతాయన్నది నిజమే. గీత గీసి వదిలేస్తే అంతే. ప్రవేశం దగ్గర అడ్డు స్తంభాలు, ఆగకుండా జరిమానా రెండూ కావాలి. ప్రతి సందులోనూ ట్రాక్ అక్కర్లేదు. కాలనీల్లో బండ్ల వేగాన్ని గంటకు 30 కిలోమీటర్లకు కట్టడి చేస్తే అందరూ కలిసే వెళ్లొచ్చు.

రోడ్లే ఇరుకు, సైకిళ్లెన్ని ఉన్నాయని అనేవాళ్లు 2011 జనాభా లెక్కలు చూడాలి. దేశంలో వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాక ఇతర పనులు చేసేవాళ్లలో దాదాపు 13 శాతం సైకిల్ మీదే పనికి వెళ్లారు. వాళ్లలో ఎక్కువమంది హెల్మెట్ పెట్టుకుని ఆదివారం షికారుకెళ్లేవాళ్లు కారు. కూలీలు, వాచ్‌మన్లు, పాలు పోసేవాళ్లు. అందుకే హైదరాబాద్ లోపల మొదటి ట్రాక్ ఐటీ కారిడార్‌లో కాదు, జీడిమెట్ల, బాలానగర్ పారిశ్రామికవాడలకు వెళ్లే రోడ్ల మీద పడాలి.