గ్యాసు పొయ్యియా, విద్యుత్ పొయ్యియా?

వంటయింట గ్యాసు పొయ్యిని మాని విద్యుత్ పొయ్యిని పెట్టుట మేలా యని తలిదండ్రులు కొందరు మమ్ము నడుగుచున్నారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల గృహస్థితిని బట్టి మా యభిప్రాయము నిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

గ్యాసు మన కుటుంబములకు చేసిన మేలు మరువరానిది. 1999లో దీపము పథకమును, 2016లో ఉజ్జ్వల పథకమును పెక్కు పేద యిండ్లకు గ్యాసును తెచ్చినవి. 2024లో మన రాష్ట్రమున అర్హులగు కుటుంబములకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితముగా నిచ్చు ఏర్పాటు మొదలయ్యెను. అయినను పెద్ద కుటుంబమునకు మూడు సిలిండర్లు ఏడాది పొడవునా చాలవు. నాలుగవదానికి చేత డబ్బు లేనినాడు తల్లి మరల కట్టెలపొయ్యి ముట్టించును; పొగ మరల ఆమె కన్నులలోను ఊపిరితిత్తులలోను చేరును. 1915 నుండి ఆరోగ్యవరమున క్షయరోగులకు చికిత్స జరిగిన యీ సీమవారికి ఊపిరితిత్తుల విలువ వేరుగ చెప్పనక్కరలేదు. కావున విద్యుత్ పొయ్యి ఆ నాలుగవ సిలిండరు స్థానమున రావలెనని మా మతము. గ్యాసును వెడలగొట్టుట కాదు, కట్టెల పొగను మాన్పుటయే దాని పని.

1831లో మైకేల్ ఫారడే కనుగొనిన విద్యుత్ ప్రేరణమే ఇండక్షన్ పొయ్యికి మూలము. అందు మంట యుండదు. పాత్ర అడుగే వేడెక్కును. అయస్కాంతము అంటని అల్యూమినియపు గిన్నెలును, మట్టికుండలును దానిపై పనికిరావు. తెడ్డుతో బలముగా కెలుకవలసిన రాగిసంకటికి గ్యాసే యనుకూలము. అన్నము, పప్పు, పాలు, వేడినీళ్లు విద్యుత్తునకు విడువవచ్చును.

ఇక ఖర్చు. గోపురము కట్టువాని ఉపమానము మన పాఠకులకు క్రొత్త కాదు. ముందు లెక్క, పిమ్మట పని. 14.2 కిలోల సిలిండరులో సుమారు 180 యూనిట్ల ఉష్ణశక్తి యున్నను, సగమునకు కొంచెము మించి మాత్రమే పాత్రకు చేరును. అదే వంటకు ఇండక్షన్ పొయ్యిపై సుమారు 120 యూనిట్లు చాలును. అయితే వాడుక పెరిగిన కొలది యూనిట్ ధరయు పెరుగును గనుక, ఎవరి బిల్లును బట్టి వారు లెక్క చూచుకొనవలెను. 2025లో కుప్పము ప్రాంతమునందలి నడిమూరున ఇండ్లపై సౌరఫలకముల నమర్చు కార్యము ఆరంభమయ్యెను. అట్టి యిండ్లలో ఈ భారము తగ్గును.

పొయ్యి కొనుటకు ముందు తీగలను పరీక్షింపజేయుట ముఖ్యము. 2000 వాట్ల పొయ్యి దాదాపు 9 ఆంపియర్లు లాగును. దీపమునకు వేసిన సన్నని తీగ దానికి తాళదు. 16 ఆంపియర్ల ప్లగ్గును, మంచి ఎర్తును లేని యింట పొయ్యి పెట్టుట అపాయకరము. కరెంటు పోయినప్పటి కొరకు గ్యాసు నుంచుకొనవలెను.

విద్యార్థులారా! మీ యింటి పాత్రల అడుగున అయస్కాంతము నుంచి చూడుడు. ఏవి పనికివచ్చునో, నెలకు ఎన్ని యూనిట్లగునో వ్రాసి తలిదండ్రులకు చూపుడు. తల్లి కన్నీరు పెట్టక వంట చేసికొనగల యిల్లే మన చదువునకు సార్థకత.