తీగలు చాలవా, మావయ్యగారూ?

2023 నవంబరులో ఓ రాత్రి ఒంటిగంటకి తెనాలి నుంచి ఫోను. మా బావమరిది బండి మీంచి పడ్డాడు. నెత్తిన టోపీలాంటి సగం హెల్మెట్టు ఉంది కాబట్టి తలకేం కాలేదు. గడ్డం మాత్రం నేరుగా రోడ్డుకి కొట్టుకుంది. కింది దవడ రెండు చోట్ల విరిగింది, ముందువైపు ఒకచోట, ఎడమపక్క జ్ఞానదంతం దగ్గర ఇంకోచోట. (దవడ గాజులాంటిది. ఒకవైపు దెబ్బ తగిలితే రెండోవైపు కూడా విరగడం మామూలే.)

గుంటూరులో డాక్టరు ప్లేట్లు వెయ్యాలన్నాడు. మావయ్యగారు ససేమిరా అన్నారు. "అల్లుడుగారూ, మా నాన్నకి తీగలతో కట్టారు, చక్కగా అతుక్కుంది. ఈ ప్లేట్లన్నీ బిల్లు పెంచడానికే."

ఇదే మాట ఇక్కడ న్యూజెర్సీలో, బాగా చదువుకున్న మిత్రుల నోట కూడా విన్నాను. కార్పొరేట్ ఆసుపత్రుల మీద మనకున్న అనుమానం ఊరికే రాలేదు, ఒప్పుకుంటా. కానీ అనుమానం ఉంది కదా అని ప్రతి పనినీ దోపిడీ అంటే ఎలా?

తీగలు కట్టడమంటే పై పళ్ళనీ కింది పళ్ళనీ కలిపి బిగించి నోరు మూసెయ్యడం. నాలుగు నుంచి ఆరు వారాలు. జావ, మజ్జిగ, పళ్ళరసం, అదీ పళ్ళ సందుల్లోంచి పీల్చుకోవాలి. వాంతి వస్తే ఊపిరాడక ప్రాణం మీదికొస్తుంది కాబట్టి తీగలు కత్తిరించే కట్టరు మంచం పక్కనే పెట్టుకోవాలి. మావాడు ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు. నోరు తెరవని మాస్టారికి నెలన్నర జీతం ఎవరిస్తారు? తీగలు చవక అనేవాళ్ళు ఈ లెక్క ఎప్పుడూ వెయ్యరు. మా భాషలో చెప్పాలంటే అది సర్వరు ఆపేసి రిపేరు చెయ్యడం. ప్లేటు అంటే నడుస్తుండగానే ప్యాచ్ వెయ్యడం.

పళ్ళకి తీగ కట్టడం హిప్పోక్రటీస్ నాటి వైద్యం. ఆ గ్రంథాల్లో బంగారు తీగ ప్రస్తావన ఉంది. 1970లలో ఫ్రాన్సులో మిషెలే, ఆయన తర్వాత షాంపీ అనే సర్జన్లు దారి మార్చారు. ఓ పచ్చి వేపపుల్లని వంచి చూడండి. ఒక పక్క విచ్చుకుంటుంది, రెండో పక్క నొక్కుకుంటుంది. విరిగిన దవడతో కొరికినప్పుడూ అంతే, పళ్ళవైపు అంచు విచ్చుకుంటుంది. ఆ విచ్చుకునే గీత మీద సన్నటి ప్లేటు వేస్తే చాలు, లావుపాటి ఇనుప పట్టీ అక్కర్లేదన్నది షాంపీ చెప్పిన మాట. వెనక మూల దగ్గర ఒక ప్లేటు, ముందువైపు మెలితిరిగే బలం ఉంటుంది కాబట్టి రెండు. స్క్రూలు ఎముక బయటి పొరలోకే దిగుతాయి. కోత నోటి లోపలే, మొహం మీద మచ్చ ఉండదు. బిగించే ముందు పై పళ్ళూ కింది పళ్ళూ సరిగ్గా కలిశాయా అని చూస్తారు. అదే అసలు పని. అది తప్పితే ఎముక అతుక్కున్నా అన్నం నమలలేరు.

అలాగని ప్రతి దవడకీ ప్లేటే అనను. ఎముక కదలకుండా బీటలు మాత్రమే వారితే మెత్తటి తిండితో సరిపోవచ్చు. పిల్లలకి, చెవి దగ్గర కీలు విరిగినవాళ్ళకి చాలాసార్లు కోత లేకుండానే చేస్తారు. ప్లేటుతో చీము పట్టొచ్చు, స్క్రూ పంటి వేరుకి తగలొచ్చు, కింది పెదవి తిమ్మిరెక్కొచ్చు (నరం ఎముక లోపలినుంచే పోతుంది మరి). ఇవి చెప్పని డాక్టరుని అనుమానించండి. మావాడి బిల్లులో "ఇంప్లాంట్లు" అని ఒకే ఒక్క లైను! ఎన్ని ప్లేట్లు, ఎన్ని స్క్రూలు, ఒక్కోటి ఎంత అని రాసివ్వమని నేనే పోట్లాడాను. మావయ్యగారి కోపం అక్కడ పెట్టాల్సింది. మందు మీద పెట్టారు.

చివరికి ఆయన ఒప్పుకున్నది నా షాంపీ ఉపన్యాసానికి కాదు. "కట్టరు పక్కన పెట్టుకుని మీలో ఎవరు మేలుకుంటారు?" అని మా అత్తగారు అడిగిన ఒక్క ప్రశ్నకి.

మావాడు ఆపరేషనైన మర్నాడే మాట్లాడాడు. రెండు వారాలకి స్కూలుకెళ్ళాడు, ఇంకో నెల మెత్తటి అన్నమే తిన్నాడు. పెదవి ఓ మూల ఇంకా మొద్దుగానే ఉందిట. ఇప్పుడు మావయ్యగారికి కొత్త బెంగ, ప్లేట్లు తుప్పు పడతాయేమో, తీయించేద్దామా అని. అది టైటానియం, తుప్పు పట్టదు, ఇబ్బంది పెట్టనంతవరకూ మామూలుగా తియ్యరు అని చెప్పాను. వచ్చే ఆదివారం మళ్ళీ అడుగుతారు. సగం హెల్మెట్టు మాత్రం ఇంకా గుమ్మం పక్క మేకుకే వేలాడుతోందిట.