నడుములోతు కుంటకు పదిహేను అడుగుల ఎరా?

మన పిల్లలు మళ్లీ గాలాలు పడుతున్నారు. సంతోషమే. 2018 నుంచి కోరమంగల–చల్లఘట్ట లోయ పథకం కింద బెంగళూరులో శుద్ధి చేసిన నీళ్లు కోలారు వైపు చెరువులకు వస్తున్నాయి. ఎండిపోయి ఉన్న చోట్ల నీళ్లు కనిపిస్తున్నాయి. నీళ్లొస్తే చేపలొచ్చాయి, చేపలొస్తే ఆదివారం బైకుల మీద రాడ్లు వచ్చాయి. అందులో మా ఇంటి పిల్లలూ ఉన్నారు.

మా పేచీ అంతా ఆ రాడ్ల చివర వేలాడే డీప్ డైవింగ్ క్రాంక్‌బెయిట్‌తోనే. పెద్ద చెరువు సంగతి కాదు మేం మాట్లాడేది. ఊరి పక్క కుంట, నాలుగైదు అడుగుల నీళ్లు, సగం నాచు, సగం గుర్రపుడెక్క. అట్లాంటి చోట దాన్ని వేయడం తప్పు అంటున్నాం. చేప పడదన్నది అందుకు చిన్న కారణం. పెద్ద కారణం వేరే ఉంది.

ముందు ఆ వస్తువు ఎట్లా పని చేస్తుందో చూద్దాం. అది నీళ్లమీద తేలే చేప బొమ్మ. మూతి దగ్గర పొడవాటి ప్లాస్టిక్ రేకు ఉంటుంది. కడుపు కింద ఒకటి, తోక దగ్గర ఒకటి, మూడేసి కొనలున్న గాలాలు. రీలు తిప్పితే నీళ్లు రేకును తోసి బొమ్మను కిందికి దించుతాయి. రేకు ఎంత పొడవుగా ముందుకు చాచి ఉంటే అంత లోతుకు పోతుంది. డబ్బా మీద 15 అడుగులు అని రాసి ఉంటే, అది సన్నటి దారంతో బాగా దూరం విసిరి లాగినప్పటి లెక్క. అమెరికాలో టెనెసీ నది మీద ఆనకట్టలు కట్టాక ఏర్పడిన పెద్ద రిజర్వాయర్ల వంటి చోట్ల బాస్ చేపల కోసం ఇవి పేరు తెచ్చుకున్నాయి. అక్కడ చేప 15, 20 అడుగుల కింద గట్టు అంచున ఉంటుంది. ఆ నీళ్లకు ఆ ఎర సరి.

మన కుంటలో వేస్తే ఏమవుతుంది? రీలు నాలుగు చుట్లు తిరిగేసరికి రేకు అడుగు తాకుతుంది. అక్కణ్ణుంచి అది ఈదదు, బురద దున్నుతుంది. దారిలో నాచును పారతో ఎత్తినట్టు ఎత్తుకొస్తుంది. ప్రతి విసురుకూ ఒక గంప గడ్డి ఒడ్డుకు చేరుతుంది.

దీన్ని సమర్థించేవాళ్లకు మూడు మాటలున్నాయి. రేకు ముందు తగులుతుంది కాబట్టి గాలాలు చిక్కవు అంటారు. రాయికి, మొద్దుకు ఆ మాట నిజం. రేకు తగిలి బొమ్మ పక్కకు ఎగురుతుంది. నాచు రాయి కాదు, దారం లాంటిది, తగిలితే చుట్టుకుంటుంది. లాగడం ఆపితే పైకి తేలి విడిపోతుంది అంటారు. గడ్డి చుట్టుకోకముందు తేలుతుంది, చుట్టుకున్నాక తేలదు. రాడ్ ఎత్తిపట్టి మెల్లగా లాగితే లోతుకు పోదు అంటారు. లోతుకు పోకుండా అంత జాగ్రత్త పడాల్సి వస్తే లోతుకు పోయే ఎర కొనడం ఎందుకు?

పైగా ఇట్లాంటి కుంటలో అందరూ వెతికేది కొరమీను. తమిళనాడులో ఉన్న మనవాళ్లకు అది విరాల్, మహారాష్ట్రలో మరళ్. అది పైకొచ్చి గాలి మింగి పోయే చేప. అందుకే నాచు నిండిన కుంటలోనూ బతుకుతుంది. ఆకుల సందున, గడ్డి అంచున కాచుకుని పైన కదిలే కప్పను పడుతుంది. పైకి చూసే చేపకు అడుగున బురద దున్ని ఏం చూపిస్తారు?

ఇప్పుడు పెద్ద కారణం. చిక్కిన ఎరను గుంజితే దారం తెగుతుంది. విసిరినవాడు డబ్బు పోయిందని బాధపడి, ఇంకోటి కట్టుకుని, సాయంత్రం బెంగళూరు వెళ్లిపోతాడు. ఆరు ఇనుప కొనలు మాత్రం నాచులోనే ఉంటాయి. ఆ కుంటలోకి ఎనుములు దిగుతాయి. గుర్రపుడెక్క లాగేవాళ్లు నడుములోతుకు దిగుతారు. వల విసిరేవాళ్లు చేత్తో తడుముతారు. ఎండాకాలం పూడిక తీసేవాళ్లు వట్టి కాళ్లతో బురద తొక్కుతారు. పోయిన వేసవిలో మా ఊరి కుంట అడుగంటినప్పుడు ఎండిన నాచులో ఇట్లాంటి బొమ్మలు మాకే దొరికాయి, గాలాలతో సహా. బ్రెయిడ్ దారం కుళ్లదు, కొంగల కాళ్లకు చుట్టుకుంటుంది. సరదా ఒకరిది, పుండు ఇంకొకరిది. మేం కోపంగా రాస్తున్నది ఇందుకు.

మా పెద్దవాళ్లు గాలం వేయలేదా అంటే, వేశారు. ఒక్క గాలం, వానపాము, బెండు. ఆ బెండును దారం మీద పైకీ కిందికీ జరిపి లోతు పెట్టేవాళ్లు. అంటే నీళ్లు చూశాకే ఎర. ఇది పాతకాలం గొప్ప అని చెప్పడం లేదు. ఫిన్లండ్‌లో లౌరీ రాపాలా 1936లో బెరడు చెక్కి తన మొదటి బొమ్మ చేప చేసింది కూడా తన సరస్సులో చేపలు ఎట్లా వేటాడుతాయో చూసే. మేం బడిలో చదివిన కన్నడలో కెరె వేరు, కుంటె వేరు. ఇంట్లో మాట్లాడే తెలుగులో చెరువు వేరు, కుంట వేరు. ఎర డబ్బా మీద మాత్రం రెండూ ఒకటే అయిపోయాయి.

క్రాంక్‌బెయిట్ అసలే వద్దని కాదు. పెద్ద చెరువు కట్ట మీద, తూము దగ్గర, రాతికట్టు పక్కన పదడుగులకు పైగా తేట నీళ్లుంటే వేసుకోండి. కుంటకైతే గాలం వీపుకు అతుక్కుని ఉండే బోలు కప్ప చాలు, గడ్డిమీద జారిపోతుంది. కాదంటే ఒంటి గాలం. ఏది చిక్కినా దిగి తెచ్చుకోండి. దిగలేని చోట వేయొద్దు. తెగిన దారం జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకుపోండి. చేపలు వేలంలో పాడుకున్నవాళ్లుంటే ముందు వాళ్లను అడగండి.

ఈ ఆదివారం డబ్బా తెరిచేముందు ఒక కర్ర తీసుకుని నీళ్లలో దించి చూడండి. కర్ర ఎంత తడిస్తే అంతే మీ లోతు. ఎర ఏదన్నది ఆ తర్వాత మాట.