ఆశువాదనకు డిస్కే సాక్షి

ఫ్రాన్సు దేశపు కాథలిక్ చర్చిలలో పైప్ ఆర్గన్ వాయించేవారికి, వ్రాసిపెట్టిన సంగీతాన్ని తప్పు లేకుండా వినిపించే నేర్పుతో పాటు, అప్పటికప్పుడు సంగీతాన్ని కల్పించి వాయించే నేర్పు కూడా శతాబ్దాలుగా ఉద్యోగధర్మంగా ఉంటూ వచ్చింది. ఆశువాదన అనదగిన ఈ విద్యకు మూలం ప్రార్థన విధానంలోనే ఉన్నది. ప్రార్థనగీతంలో ఒక చరణాన్ని గాయకబృందం పాడితే, తరువాతి చరణాన్ని ఎవరూ పాడకుండా ఆర్గన్ ఒక్కటే వినిపించే పద్ధతి అక్కడ చిరకాలం సాగింది. ఏ పూజలో ఏ చరణం ఆర్గన్‌కు చెందుతుందో 1662లో పారిస్ చర్చి వెలువరించిన విధి గ్రంథం నిర్దేశించింది. ఫ్రాన్స్వా కూపెరాన్ 1690లోను, నికొలా ద గ్రిన్యీ 1699లోను ప్రకటించిన సంపుటాలలో ఉన్నవి ఇటువంటి చరణాలే అయినా, కాగితం మీదికి రాకుండా పోయినవాటితో పోలిస్తే అవి పిడికెడు మాత్రమే. గ్రామఫోన్ డిస్కు వచ్చి ఈ నష్టాన్ని కొంతవరకు ఆపిందన్నది నిజమే గాని, దాని వెంట ఒక కొత్త అపోహ కూడా వచ్చింది. ఆశువాదనను స్వరలిపిగా మార్చి అచ్చు వేస్తే అదే సంగీతం చేతికి దొరికినట్లేనని అనుకోవడం ఆ అపోహ.

వాద్యాన్ని గురించి కొంత తెలియనిదే ఆశువాదన రికార్డులలోని రుచి అందదు. గాలి నింపిన పెట్టెల మీద వరుసలుగా నిలిపిన లోహపు గొట్టాలలోకి, కొయ్య గొట్టాలలోకి, మెట్టు నొక్కినప్పుడు గాలి ప్రవేశించడం వల్ల పైప్ ఆర్గన్ పలుకుతుంది. ఒకే నాదగుణం కలిగిన గొట్టాల వరుసను స్టాప్ అంటారు. పియానో మెట్టును గట్టిగా కొడితే ధ్వని పెరిగి, ఆ మరుక్షణం నుంచే సన్నగిల్లుతుంది. ఆర్గన్‌లో వేలు తీసేదాకా స్వరం తరగదు, ఎంత బలంగా నొక్కినా పెరగదు, కనుక హెచ్చుతగ్గులన్నీ స్టాపులను కలపడం, విడదీయడం ద్వారా, లేదా గొట్టాలను దాచిన పెట్టె తలుపులను కాలితో తెరచి మూయడం ద్వారా మాత్రమే సాధ్యమవుతాయి. ఈ పనిని సులువు చేసి, మంద్రమైన గుసగుస నుంచి భవనం అదిరే ఘోష దాకా ఎక్కడా అతుకు కనబడకుండా ధ్వనిని పెంచగల వాద్యాన్ని నిర్మించినవాడు అరిస్తీద్ కవాయే-కోల్ (1811–1899). అనేక స్టాపులను కలిపినప్పుడు మెట్లు బరువెక్కి వేళ్లకు లొంగకపోవడమనే పాత ఇబ్బందిని, గాలి ఒత్తిడితోనే మెట్టును లాగించే బార్కర్ యంత్రం సాయంతో ఆయన 1841లో సాన్ దెనీ చర్చి ఆర్గన్‌లో తొలగించాడు. 1862లో సాన్ సుల్పీస్ చర్చిలో పూర్తిచేసిన ఆర్గన్‌కు అయిదు మెట్ల వరుసలు, నూరు స్టాపులు అమర్చాడు.

ఇటువంటి వాద్యం ముందు కూర్చునేవారికి పారిస్ కన్సర్వేటరీ ఇచ్చిన శిక్షణ కఠినమైనది. సెజార్ ఫ్రాంక్ 1872 నుంచి 1890 దాకా బోధించిన ఆర్గన్ తరగతిలో పరీక్షకు నాలుగు అంశాలుంటే, కంఠస్థం చేసిన రచనను వాయించడం అందులో ఒక్కటి మాత్రమే. తక్కిన మూడూ, అంటే ప్రాచీన ప్రార్థనగీతానికి సహవాద్యం, ఇచ్చిన పల్లవి మీద ఫ్యూగ్, స్వేచ్ఛారచన, అక్కడికక్కడ కల్పించవలసినవే. ఒకే స్వరవాక్యాన్ని వేర్వేరు గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకొని ఏకకాలంలో నడిచే నిర్మాణాన్ని ఫ్యూగ్ అంటారు. కలం పట్టి వ్రాయడానికే కష్టమైన దానిని వేళ్లతోను, పాదాలతోను ఆశువుగా కట్టడం ఆ పరీక్షలోని అసలు చిక్కు. నేటికీ కచేరీ చివర మూసిన కవరులో వాద్యకునికి ఒక స్వరవాక్యాన్ని అందించడం, ఆయన దానిని ఒకసారి వినిపించి రచన మొదలుపెట్టడం పరిపాటి. అవధాన సభలో పృచ్ఛకుడు సమస్యనిచ్చే తీరు ఎరిగిన తెలుగువారికి ఈ ఉత్కంఠను వేరే వివరించనక్కరలేదు.

రికార్డు లేని రోజులలో మిగిలింది జ్ఞాపకం ఒక్కటే. ఫ్రెంచి ఆర్గన్ వాద్యకుడు మార్సెల్ ద్యూప్రే 1919 ఆగస్టులో పారిస్‌లోని నోత్రదామ్ చర్చిలో మరియమాత పండుగ సాయంత్ర ప్రార్థనకు వాయించిన చరణాలను విని ముగ్ధుడైన రోల్స్ రాయిస్ సంస్థ అధిపతి క్లాడ్ జాన్సన్, వాటిని వ్రాసి ఇమ్మని కోరగా, ద్యూప్రే వాటిని తిరిగి కల్పించి ప్రచురించాడు. 1921 డిసెంబరు 8న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, వానమేకర్ అనే పెద్ద దుకాణంలోని ఆర్గన్ మీద ఆయన ఆశువుగా కట్టిన నాలుగు భాగాల సింఫనీ కూడా ఇలాగే 1924లో గ్రంథస్థమైంది. ఇప్పుడు వినబడుతున్నవి ఆ ఆశువాదనలు కావు, వాటి ఆధారంగా తీరికగా కూర్చి వ్రాసిన రచనలు. ఈ భేదాన్ని కచేరీ ప్రకటనలు తరచు మరుగుపరుస్తాయి.

1925 ప్రాంతంలో మైక్రోఫోన్‌తో ధ్వనిని డిస్కు మీద ముద్రించే పద్ధతి రాగానే పరిస్థితి మారింది. పుట్టుకతోనే దాదాపు చూపు లేని లూయీ వియెర్న్ 1928లో నోత్రదామ్‌లో ఓదియోన్ సంస్థ కోసం మూడు ఆశువాదనలను డిస్కులకెక్కించాడు; ఫ్రాంక్ శిష్యుడు షార్ల్ తూర్న్‌మీర్ 1930, 1931 సంవత్సరాలలో సాంత్ క్లోతీల్ద్ చర్చిలో పోలిదోర్ సంస్థ కోసం అయిదు ముద్రించాడు. ఇద్దరి వద్దా చదువుకున్న మొరీస్ ద్యూరుఫ్లే ఆ డిస్కులను విని, అక్షరం విడువని శ్రద్ధతో స్వరలిపిలో పెట్టి, వియెర్న్‌వి 1954లోను తూర్న్‌మీర్‌వి 1958లోను ప్రచురించాడు. ద్యూరుఫ్లే పరిశ్రమకు చేతులెత్తి మ్రొక్కవలసిందే. కాని ఈస్టర్ పండుగ గీతం మీద తూర్న్‌మీర్ చేసిన ఆశువాదనను మూల డిస్కులో విన్నవారికి, అచ్చుప్రతి చూసి వాయించిన నేటి స్వచ్ఛమైన రికార్డులు తరచు వెలవెలబోయినట్లు తోస్తాయి. దీనికి కారణం వాద్యకుల అసమర్థత కాదు. తూర్న్‌మీర్ ఒక స్వరం మీద ఆగినప్పుడు తరువాత ఏమి వాయించాలో నిర్ణయించుకుంటూ ఆగాడు, పరుగు అందుకున్నప్పుడు ఆ నిర్ణయం కుదిరినందువల్ల అందుకున్నాడు. స్వరలిపిలో ఆ ఆగడం ఒక కాలప్రమాణంగా, ఆ పరుగు ఒక వేగసూచనగా మాత్రమే నిలుస్తాయి. నేర్చుకుని వాయించేవారికి తరువాతి పుటలో ఏమున్నదో ముందే తెలుసు.

ఈ డిస్కులకూ పరిమితి లేకపోలేదు. నిమిషానికి 78 మార్లు తిరిగే డిస్కు ఒక పక్కన నాలుగైదు నిమిషాలకు మించి పట్టదు కనుక, మైక్రోఫోన్ ముందు కూర్చున్నవాడు గడియారాన్ని కూడా మనసులో ఉంచుకోక తప్పలేదు. టేపు వచ్చాక ఆ నిర్బంధం తొలగింది. 1955 నుంచి 1984లో మరణించేదాకా నోత్రదామ్ ఆర్గన్ వాయించిన పియేర్ కొషరో వందలాది ఆశువాదనలు టేపుల మీద నిలవడం, ఇంగ్లండు వాద్యకులతో సహా అనేకులు వాటిని ఏళ్ల తరబడి విని స్వరలిపిలో పెట్టడం అందువల్లనే జరిగింది. కొషరో కల్పనలో శబ్దవైభవం ఆలోచనను మింగివేసే ఘట్టాలు లేకపోలేదు. అయినా ఒక చిన్న పల్లవిని ఆయన మెల్లగా పెంచుకుంటూ పోయే ఓర్పు, వరుసగా పది రికార్డులు విన్నా విసుగు పుట్టనివ్వదు.

ఈ పారిస్ వాద్యకులలో భారతీయ పాఠకులు ప్రత్యేకంగా గమనించదగినవాడు, 1931 నుంచి మరణించేదాకా త్రినితే చర్చిలో వాయించిన ఒలివియే మెస్సియాన్ (1908–1992). పదమూడవ శతాబ్దపు శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరంలోని 120 దేశీతాళాల పట్టికను ఒక ఫ్రెంచి విజ్ఞానకోశంలో చూచి, జీవితమంతా వాడుకున్నాడు. 1951 నాటి ఆయన ఆర్గన్ సంపుటిలో మొదటి ఖండం ప్రతాపశేఖర, గజఝంప, సారస తాళాల మీద నిర్మితమైనది. అయితే తాళం కోసం చేయి ఆడించబోయే శ్రోతకు నిరాశ తప్పదు, ఎందుకంటే మెస్సియాన్ తాళాన్ని ఆవర్తంగా గాక, స్వరాల నిడివిని కొలిచే వరుసగా మాత్రమే స్వీకరించాడు.

ఆర్గన్‌ను రికార్డు చేయడమంటే భవనాన్ని కూడా రికార్డు చేయడమే. వేలు తీసిన తరువాత కూడా నోత్రదామ్‌లో ధ్వని కొన్ని సెకన్ల పాటు నిలిచి ఉంటుంది, వాద్యకుడు ఆ ప్రతిధ్వనిని ఆలకిస్తూనే తరువాతి స్వరాన్ని వేస్తాడు. ముప్ఫైరెండడుగుల గొట్టం పలికే అతిమంద్ర స్వరం సెకనుకు సుమారు 16 కంపనాలే కనుక, మొబైల్ ఫోన్ స్పీకరులో అది అసలు వినిపించదు. మంచి హెడ్‌ఫోన్లు లేకుండా ఈ సంగీతం మీద తీర్పు చెప్పడం అన్యాయం. 2019 ఏప్రిల్ 15 నాటి అగ్నిప్రమాదంలో నోత్రదామ్ ఆర్గన్ కాలిపోలేదు గాని సీసపు ధూళి పట్టింది. దాదాపు ఎనిమిది వేల గొట్టాలను విప్పి శుభ్రపరిచి తిరిగి అమర్చాక, 2024 డిసెంబరు 7న ఆర్చిబిషప్ ఎనిమిది మార్లు ఆర్గన్‌ను మేలుకోమని పిలువగా, వాద్యకులు ప్రతి పిలుపుకూ ఆశువుగానే బదులిచ్చారు. ఆ వీడియో ఇంటర్నెట్‌లో ఎవరికైనా దొరుకుతుంది. కొత్తగా వినబోయేవారు దానితో మొదలుపెట్టి, గరగర శబ్దాన్ని కొంచెం ఓర్చుకొని తూర్న్‌మీర్ మూల డిస్కుకు వెళ్లి, ఆ తరువాతనే ద్యూరుఫ్లే ప్రతి ఆధారంగా ఇతరులు వాయించిన రికార్డును వినాలి. ఈ క్రమాన్ని తలకిందులు చేయరాదు.