పుప్పొడి సీసా

మొన్న శనివారం ఇక్కడ ఫ్రిస్కోలో మా మిత్రుడొకడు తేనెటీగల పుప్పొడి సీసా కొన్నాడు. రక్తనాళాలకి మంచిదట!

పూర్తిగా అబద్ధమేం కాదు. అందులో క్వెర్సెటిన్, కెంఫెరాల్ లాంటి ఫ్లేవనాయిడ్లున్నాయి. రక్తనాళాల లోపలి పొర కణాలని ఇవి ఆక్సీకరణ దెబ్బ నుంచి కాపాడటం ప్రయోగశాలలో చూశారు. కానీ అది గాజుపళ్ళెంలో. మింగిన క్వెర్సెటిన్‌ని పేగులు, కాలేయం చాలావరకు మార్చేశాకే రక్తంలోకి వదులుతాయి. యూనిట్ టెస్ట్ పాసైందని కోడ్ నేరుగా ప్రొడక్షన్‌లో పెడతామా?

పైగా బరువు తగ్గిస్తాయంటూ అమ్మిన కొన్ని పుప్పొడి మాత్రల్లో సిబుట్రమైన్ కలిపారని 2014లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. గుండెపోటు భయంతో 2010లో అమెరికా మార్కెట్ నుంచి తీసేసిన మందది!

దక్షిణాసియా మూలాలుంటేనే గుండెజబ్బు ముప్పు ఎక్కువని 2018 నాటి అమెరికన్ కొలెస్టరాల్ మార్గదర్శకాలు చెప్పాయి. మావాడు రక్తపరీక్ష చేయించుకుని మూడేళ్ళయింది. ముందు ఆ పని చూడరా అన్నాను.

"ఈ రిలీజ్ అయిపోనీ" అన్నాడు, చెంచాడు పుప్పొడి నోట్లో వేసుకుంటూ.