తెలుగు అక్షరాలను కూర్చే లైబ్రరీని సోర్స్ నుంచి బిల్డ్ చేసుకోవడంపై సర్వసభ్య సమావేశ తీర్మానం

తెలుగు ఫాంట్లు, కీబోర్డులు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనువాదాలపై స్వచ్ఛందంగా పనిచేస్తున్న మా బృందం సర్వసభ్య సమావేశం, సభ్యుల చర్చ అనంతరం, ఈ కింది తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది.

యూనికోడ్ తెలుగుకు 128 గడులు కేటాయించింది. తెర మీద మనం చదివే తెలుగు మాత్రం ఆ గడుల్లో ఉన్నది ఉన్నట్టుగా దొరకదు. ‘స్త్రీ’ అని టైపు చేస్తే ఫైల్లో చేరేవి ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడిదీర్ఘం. చివర వచ్చిన ఆ గుడిదీర్ఘాన్ని మొదట ఉన్న సకారం నెత్తిన పెట్టాలి. త వత్తును కిందికి దించాలి. ర వత్తుకు చోటు చూపాలి. ఫాంటులోని నియమాలను చదివి ఈ పని చేసేది అక్షరాలను కూర్చే లైబ్రరీ. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్‌లలో ఆ బాధ్యత హార్ఫ్‌బజ్‌ది. లిబ్రెఆఫీస్ ఒకప్పుడు ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక్కో ఇంజన్ మీద ఆధారపడేది. 2017లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి అన్నిచోట్లా హార్ఫ్‌బజ్‌నే వాడుతోంది. ఒకే పత్రం లినక్స్‌లోనూ విండోస్‌లోనూ ఒకేలా కనబడాలని కోరుకునే తెలుగువారికి ఇది చిన్న మేలు కాదు.

2018 ఫిబ్రవరిలో జరిగినది ఈ సభ గుర్తుచేసుకుంటోంది. ‘జ్ఞా’ అక్షరం మధ్యలో కంటికి కనబడని ఒక సంకేతం చేరిన సందేశం వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. లోపం యాపిల్ సొంత అక్షర ఇంజన్‌లో ఉంది. ఫిబ్రవరి 19న 11.2.6 అప్‌డేట్ వచ్చేదాకా వాడకందారులకు ఎదురుచూడటం తప్ప దారి లేకపోయింది. ఆ ఇంజన్ సోర్స్ కోడ్ బయటివారికి అందుబాటులో లేదు కనుక, తెలుగు తెలిసిన ప్రోగ్రామర్ ఒక్కరు కూడా అందులోకి తొంగిచూడలేకపోయారు. హార్ఫ్‌బజ్ విషయంలో ఆ అడ్డు లేదు. దాని లైసెన్స్ ఎవరైనా కోడ్ తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, బిల్డ్ చేసుకోవచ్చు అంటుంది. కానీ మనలో చాలామందిమి ఆ హక్కును లినక్స్ దాటి వాడుకోలేకపోతున్నాం. ఈ స్థితి మారాలన్నదే ఈ తీర్మానం ఉద్దేశం.

చర్చలో తేలిన విషయాలను సభ నమోదు చేస్తోంది. అన్నిటికంటే ఎక్కువమందిని తికమక పెడుతున్నది, విఫలమయ్యే బిల్డ్ కాదు, సగమే జరిగి విజయవంతమైనట్టు కనబడే బిల్డ్. హార్ఫ్‌బజ్‌ను మెసన్ అనే బిల్డ్ పరికరంతో బిల్డ్ చేస్తాం. అందులో ఫ్రీటైప్, జీలిబ్, కైరో వంటి డిపెండెన్సీలు చాలావరకు ‘ఆటో’గా ఉంటాయి. అంటే ఉంటే వాడుకుంటుంది, లేకపోతే ఎర్రర్ ఇవ్వకుండా వదిలేసి ముందుకు పోతుంది. జీలిబ్ హెడర్ ఫైళ్లు లేని మెషీన్‌లో లైబ్రరీ తయారవుతుంది కానీ, అక్షరాలు ఎలా కూడుతున్నాయో అంకెల్లో చూపించే హెచ్‌బీ-షేప్ పరికరం తయారుకాదు. కైరో లేకపోతే వాటిని బొమ్మగా చూపించే హెచ్‌బీ-వ్యూ రాదు. తెలుగు కూర్పును పరీక్షించడానికి మనకు కావలసినవి సరిగ్గా ఆ రెండే. అందువల్ల మనకు అవసరమైన ప్రతి డిపెండెన్సీనీ సెటప్ దశలోనే ‘ఎనేబుల్డ్’ అని స్పష్టంగా చెప్పాలి. అప్పుడు లేనిది లేదని మెసన్ అక్కడికక్కడే ఆగి చెబుతుంది.

ఫ్రీటైప్, హార్ఫ్‌బజ్‌ల మధ్య చిక్కు ఇంకొకటి. ఫ్రీటైప్‌లోని ఆటోహింటర్ హార్ఫ్‌బజ్ సాయం తీసుకోగలదు. హార్ఫ్‌బజ్ తన వంతుగా ఫ్రీటైప్‌ను వాడుకోగలదు. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదన్న సామెత లాంటి పరిస్థితి. రెంటినీ మొదటి నుంచీ బిల్డ్ చేసేవారు ముందు హార్ఫ్‌బజ్ లేకుండా ఫ్రీటైప్‌ను, దానితో హార్ఫ్‌బజ్‌ను, అవసరమైతే మళ్లీ ఫ్రీటైప్‌ను కట్టుకోవాలి.

లినక్స్‌లో ఒక్కో పంపిణీలో ప్యాకేజీ పేర్లే వేరు. డెబియన్, ఉబుంటులలో చివర ‘డెవ్’ అని ఉండేది ఫెడోరాలో ‘డెవెల్’ అవుతుంది. లైబ్రరీ చేరే ఫోల్డర్ కూడా రెండుచోట్లా ఒకటి కాదు. మ్యాక్‌లో హోమ్‌బ్రూ ప్యాకేజీ మేనేజర్ ఇంటెల్ మెషీన్లకు ఒక చోట, యాపిల్ సిలికాన్ మెషీన్లకు ఇంకొక చోట డిపెండెన్సీలను పెడుతుంది. రెండు రకాల ప్రాసెసర్ల ఫైళ్లు కలిసిపోతే లింకర్ వాటిని ఒప్పుకోదు.

విండోస్ విషయం మీద సభలో ఎక్కువసేపు చర్చ జరిగింది. ఆ సిస్టమ్‌లో తెలుగుకు సిస్టమ్ కోడ్ పేజీగా పెట్టుకోగల పాతకాలపు కోడ్ పేజీ అంటూ లేదు. తెలుగు పూర్తిగా యూనికోడ్ మీదే నడుస్తుంది. విజువల్ స్టూడియో కంపైలర్ మాత్రం, ప్రత్యేకంగా చెప్పకపోతే, మొదట్లో యూనికోడ్ గుర్తు (బీఓఎం) లేని సోర్స్ ఫైలును సిస్టమ్ కోడ్ పేజీ ప్రకారమే చదువుతుంది. మనం పరీక్ష కోసం కోడ్‌లో నేరుగా రాసిన తెలుగు పదాలు అక్కడ పిచ్చి గీతలుగా మారిపోయేది అందుకే. యూటీఎఫ్-8 అని కంపైలర్‌కు చెబితే ఈ బాధ తీరుతుంది. కమాండ్ లైన్‌లో తెలుగు టైపు చేయడం కష్టమైన చోట హెచ్‌బీ-షేప్‌కు అక్షరాల బదులు యూనికోడ్ సంఖ్యలు ఇవ్వవచ్చు.

పై విషయాలను పరిశీలించిన మీదట, హార్ఫ్‌బజ్‌ను లినక్స్, మ్యాక్, విండోస్ మూడింటిలోనూ సోర్స్ నుంచి బిల్డ్ చేసే విధానాన్ని తెలుగులో రాసి అందరికీ అందించాలని ఈ సభ తీర్మానిస్తున్నది. ఏ సూచననైనా అప్పటిదాకా ఏ డెవలప్‌మెంట్ పరికరాలూ లేని శుభ్రమైన మెషీన్ మీద, రాసినవారు కాక వేరొక సభ్యుడో సభ్యురాలో అక్షరం పొల్లుపోకుండా పాటించి చూసిన తరువాతే చేర్చాలి. ‘నా మెషీన్‌లో పనిచేసింది’ అన్న మాటను ఇకపై రుజువుగా స్వీకరించరాదు.

బిల్డ్ పూర్తయిందనడానికి కొలమానం తెలుగే కావాలని కూడా తీర్మానిస్తున్నది. లైబ్రరీతో వచ్చే పరీక్షలు నెగ్గడంతో పాటు, స్త్రీ, క్ష్మ, జ్ఞా, ర్త్స్న్య వంటి గుంపులతో ఒక పదపట్టిక తయారుచేయాలి. ఒకే ఫాంటుతో, ఒకే వెర్షన్‌తో హెచ్‌బీ-షేప్ మూడు సిస్టమ్‌లలో ఇచ్చే ఫలితాలను పక్కపక్కన పెట్టి పోల్చాలి. తేడా వస్తే అది ఎంత చిన్నదైనా కారణం కనుక్కోవాలి. లోపం మన బిల్డ్‌ది కాక లైబ్రరీదే అయితే, ఫాంటు పేరు, సంకేతాల వరుస, ఆశించిన రూపం బొమ్మతో సహా అసలు ప్రాజెక్టుకు నివేదించాలి. తెలుగు రాని నిర్వాహకులకు ఏది తప్పో చూపగలిగేది మనమే కనుక ఈ బాధ్యతను ఇతరులకు వదిలిపెట్టకూడదు.

సొంతంగా బిల్డ్ చేసిన లైబ్రరీని సిస్టమ్ లైబ్రరీ మీద ఎక్కించరాదు. హోమ్ ఫోల్డర్‌లో వేరే చోట పెట్టి, ప్రోగ్రామ్ నిజంగా ఏ ఫైలును ఎత్తుకుంటోందో లినక్స్‌లో ఎల్‌డీడీతో, అందులో ఏ లైబ్రరీ దారి నమోదై ఉందో మ్యాక్‌లో ఓటూల్‌తో చూసుకోవాలి. విండోస్ ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌లోనే ముందు వెతుకుతుంది కనుక డీఎల్‌ఎల్‌ను అక్కడే ఉంచాలి. సోర్స్‌ను అధికారిక విడుదల నుంచే తీసుకోవాలి. ఎవరో కట్టి పంచిన బైనరీలను బృందం పేరుతో ఎవరికీ ఇవ్వరాదు.

ఈ తీర్మానం ఆమోదించిన రోజు నుంచే అమల్లోకి వస్తుంది. విండోస్, మ్యాక్ మెషీన్లున్న సభ్యులు ముందుకు వచ్చి పరీక్ష బాధ్యత తీసుకోవాలనీ, కంప్యూటర్ సైన్స్ చదువుతున్న విద్యార్థులు ఒక్కసారైనా ఈ లైబ్రరీని తమ చేతులతో బిల్డ్ చేసి, ఎక్కడ ఆగిపోయారో బృందానికి రాసి పంపాలనీ ఈ సభ కోరుతున్నది.