పేరు లేని సీరియల్, పేరున్న బ్యానర్

పాత ‘చందమామ’ బైండు చేతికొస్తే ఏదో ఒక సీరియల్ దగ్గర ఆగి చూడండి. పైన చిన్న అక్షరాల్లో జరిగిన కథ, పక్కనే బల్లెం ఎత్తిన యువకుడో గడ్డాల మాంత్రికుడో ఉన్న బొమ్మ, బొమ్మ మూలన ‘చిత్ర’ గారి సంతకం, చివర ‘ఇంకా ఉంది’. రాసినాయన పేరు మాత్రం ఎంత వెతికినా కనిపించదు. ‘తోకచుక్క’, ‘కంచుకోట’, ‘రాకాసి లోయ’, ‘పాతాళదుర్గం’ అన్నీ అలాగే అచ్చయ్యాయి. వాటిని రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. గుంటూరు జిల్లాలో పుట్టి, 1952లో మద్రాసులో ‘చందమామ’లో చేరి, అర్ధశతాబ్దం ఆ పత్రికలోనే పనిచేసి, 2010లో కన్నుమూశారాయన.

ఇందులోకి సినిమా ఎందుకొచ్చిందంటే, ఆ పత్రికా విజయా సినిమా సంస్థా ఒకే గూటివి. తెనాలి చక్రపాణి, కడప జిల్లా నాగిరెడ్డి కలిసి 1947 జులైలో పత్రిక పెట్టారు. మూడేళ్లకు ‘షావుకారు’ తీశారు, ఆ మరుసటి ఏడు ‘పాతాళభైరవి’. తర్వాతెప్పుడో 1994లో ‘భైరవద్వీపం’ వచ్చినప్పుడు బ్యానర్ పేరే చందమామ విజయా కంబైన్స్. కథ రావి కొండలరావుది, దర్శకత్వం సింగీతం శ్రీనివాసరావుది. ఫలానా సీరియల్ ఎత్తేశారని నేననడం లేదు. కానీ ఆ దీవీ, ఆ మాంత్రికుడూ, ఆ శాపమూ ‘చందమామ’ చదివి పెరిగినవాళ్లకు కొత్తవి కావు. పత్రిక పేరు తెరకెక్కింది, ఆ రుచి మప్పిన వాళ్ల పేర్లు ఎక్కలేదు.

బొమ్మల కథలు అల్లినవాళ్లకు అన్యాయం జరిగిందని తేల్చేయడం తేలికే. సినిమావాళ్ల పక్షాన కూడా గట్టి మాటే ఉంది. ‘పాతాళభైరవి’కి మూలం మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల్లో ఉంది, అల్లావుద్దీన్ దీపం నీడ కూడా దాని మీద పడింది. అయినా తోటరాముడి సినిమా అంటే మనకు గుర్తొచ్చేది పింగళి నాగేంద్రరావు మాట, మార్కస్ బార్ట్లే కెమెరా, ఎస్.వి. రంగారావు నేపాళ మాంత్రికుడు. కాగితం మీద ఇవేవీ లేవు. పైగా నెలనెలా పత్రికలో సాగే కథను రెండున్నర గంటల్లోకి దించాలంటే సగం పాత్రల్ని తీసేయక తప్పదు. ఆడకపోతే మునిగేది నిర్మాతా, గుంటూరు ఏరియా హక్కులు కొనుక్కున్న డిస్ట్రిబ్యూటరూ. కథకుడి జేబులోంచి పైసా పోదు.

అసలు ఈ కథల అడుగున ఇంకో కథ, దాని అడుగున మరొకటి ఉంటాయి. బేతాళ కథలకు మూలం సంస్కృతంలో ఉంది. కొండ గుహ, రాక్షసుడు, రాజకుమారి ఎవరి సొత్తు? 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది కూడా ఇదే. ఆలోచన మీద ఎవరికీ హక్కు లేదు, దాన్ని నడిపిన తీరు మీదే ఉంటుంది. మా వైపు భాషలో చెప్పాలంటే మిరప విత్తనం ఊళ్లో అందరి దగ్గరా ఉంటుంది, కానీ మిర్చి యార్డుకొచ్చిన టిక్కీ (బస్తా) మాత్రం పండించినవాడిదే.

సుబ్రహ్మణ్యం గారు పండించింది చిన్న పంట కాదు. అలాంటివి పన్నెండు సీరియళ్లు. ప్రతి నెలా కథానాయకుణ్ణి ఏదో ఒక ఆపదలో వేలాడదీసి, వచ్చే నెల దాకా పిల్లలకు నిద్ర పట్టకుండా చేయడం జానపద ఆస్తి కాదు, ఆయన పనితనం.

మరి పేరెందుకు వేయలేదు? పత్రిక వైపు నుంచీ చెప్పుకోదగ్గ మాట ఉంది. పిల్లవాడికి కావాల్సింది కథ, కథకుడు కాదు. సంపాదకత్వం నడిపిన కొడవటిగంటి కుటుంబరావు కూడా తెనాలివారే. వచ్చిన కథనల్లా దిద్ది, తిరగరాసి ఒకే గొంతులోకి తెచ్చారాయన. ఆ గొంతే ‘చందమామ’. పైగా నెల తిరిగేసరికి జీతం అందేది. అదే మద్రాసులో సినిమా కథలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగిన రచయితలు ఎందరికి ఆ మాత్రం నిలకడ దొరికింది? ఈ వాదనను నేను తీసిపారేయను. కాకపోతే అదే పేజీలో చిత్రకారుడి సంతకానికి చోటుంది కదా! పిల్లలు దానికేమీ అడ్డం చెప్పలేదే.

అమెరికాలో ఇదే గొడవ డబ్బుల లెక్కతో సహా బయటపడింది. సూపర్‌మ్యాన్ హక్కుల్ని జెరీ సీగల్, జో షూస్టర్ 1938లో 130 డాలర్లకు రాసిచ్చేశారు. 1978 నాటి పెద్ద సినిమా తయారవుతుంటే, పత్రికల్లో పరువు పోతుందని వార్నర్ సంస్థ 1975 చివర్లో వాళ్లకు పింఛనూ, సృష్టికర్తలుగా పేరూ ఇచ్చింది. అలన్ మూర్‌ది దీనికి పూర్తిగా ఎదురు. ‘వాచ్‌మెన్’ సినిమా మీద తన పేరే వద్దని, తన వాటా డబ్బు బొమ్మలు గీసిన డేవ్ గిబన్స్‌కి ఇవ్వమన్నాడు. పేరు వేయించుకోవడం ఎంత హక్కో, తీయించుకోవడమూ అంతే హక్కు.

మన దగ్గర బాపు ఈ పేచీలోకే రాలేదు. కుంచె పట్టిన చెయ్యే 1967లో ‘సాక్షి’తో మెగాఫోనూ పట్టింది. సీను సీనుకూ ముందే బొమ్మ గీసుకునే దర్శకుడికి మూలకర్తతో తగాదా ఎక్కణ్ణుంచి వస్తుంది? అందరూ బాపులు కాలేరు, అదీ నిజమే.

నా మటుకు నేను కథ మార్చుకునే స్వేచ్ఛ విషయంలో సినిమావాళ్ల వైపే ఉంటాను. తెరకు తగ్గట్టు కోయకపోతే అది సినిమా కాదు. అయితే ఆ స్వేచ్ఛకూ గట్టు ఉంది. మన్నూ భండారీ నవల కేసులో 1986లో ఢిల్లీ హైకోర్టు, కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ సినిమాకూ వర్తిస్తుందని చెప్పింది. మార్చుకోవచ్చు, ఆత్మను వికృతం చేయకూడదు. పేరు విషయంలో మాత్రం రాజీ ఉండకూడదనుకుంటాను. హక్కులన్నీ అమ్మేసుకున్నా ‘ఇది నాది’ అనే హక్కు కర్త దగ్గరే ఉంటుందని అదే సెక్షన్ అంటోంది.

డబ్బు సంగతి ఇంకా చిత్రం. పత్రికలో జీతానికి రాసినదైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, పత్రికల్లో వేసుకునే మేరకే హక్కు యజమానిది, మిగతావన్నీ రాసినవాడివని 1957 చట్టం 17వ సెక్షన్. అంటే సినిమా హక్కు కూడా ఆ ‘మిగతా’లోకే వస్తుంది. గ్రాఫిక్స్ చేతికొచ్చాక జానపదాల మీద హైదరాబాదు నిర్మాతల కన్ను మళ్లీ పడుతోంది. ఎవరైనా ‘రాకాసి లోయ’ తీయాలనుకుంటే అడ్వాన్సు ఎవరి చేతిలో పెట్టాలో ముందు లాయర్ని అడగాలి.

అడిగితే ఆ లాయరు 23వ సెక్షన్ కూడా చూపిస్తాడు. పేరు లేకుండా అచ్చయిన రచన మీద హక్కు అచ్చయిన ఏటి తర్వాత 60 ఏళ్లే. 1960లో వచ్చినదైతే 2020తో సరి, ఆ పైన ఎవరైనా తీసుకోవచ్చు. ఈలోగా రాసింది ఎవరో చట్టం ఒప్పుకునేలా బయటపడితే లెక్క మారిపోతుంది. అప్పుడు 60 ఏళ్లూ కర్త పోయిన మరుసటి ఏటి నుంచి మొదలవుతాయి. సుబ్రహ్మణ్యం గారి విషయంలో అది 2070 ఆఖరు.